పదకొండు సెకన్ల జైలరు

పోయిన వస్తువు దొరికిందంటే ఎవరైనా సంతోషిస్తారు. తప్పులావిడ మాత్రం, నలభై రెండేళ్ళ కిందట పోయిన టీవీ ఎపిసోడ్ ఒకటి మళ్ళీ రాబోతోందన్న కబురు విని, గరిటె గిన్నెలోనే వదిలేసి కుర్చీలో కూలబడింది.

ఆవిడకి ఆ పేరు తప్పులు చేసినందుకు రాలేదు, పట్టినందుకు వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. రిటైరై పదేళ్ళు దాటినా చేతి దురద తగ్గలేదు. మందు సీసాతో వచ్చే కాగితం దిద్దుతుంది. కరెంటు బిల్లు వెనకాల ఉండే సూచనలు దిద్దుతుంది. ఒకసారి హోటల్లో మెనూ కార్డు మీద పద్నాలుగు తప్పులు చుట్టి వెయిటరు చేతికిచ్చి, "ఇవి సరిచేసుకు రా బాబూ, ఆ తర్వాత ఏం కావాలో చెబుతాను" అంది. అలాంటి మనిషి తన సొంత ఇంట్లో, సొంత మొగుడి నోట వినిపించే ఒక పచ్చి తప్పుని నలభై రెండేళ్ళుగా దిద్దకుండా వదిలేసిందంటే ఎవరూ నమ్మరు. ఆ సంగతి ఎవరికీ తెలియదు గనక నమ్మాల్సిన పని కూడా ఎవరికీ పడలేదు.

ఆ తప్పేమిటో చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన్ని తెలిసినవాళ్ళంతా డబ్బా మావయ్య అంటారు. టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో 'దూరగ్రహం' అని ఒక అంతరిక్షం సీరియల్ వచ్చేది. అందులో నాలుగో నంబరు మరమనిషి లోపల ఉన్నది ఈయనే. నెలల తరబడి రేకు డబ్బాలో నిలబడి, ముక్కు మీద దురద పుడితే గోక్కోవడానికి వీల్లేక, చెమటలు కక్కుతూ నటించాడు. వీధిలో పిల్లలందరూ ఆ మరమనిషిలా మోకాళ్ళు వంచకుండా నడిచేవాళ్ళు. పక్క నుంచే అసలు మరమనిషి కూరగాయల సంచితో పోతుంటే ఒక్కడూ తలెత్తి చూసేవాడు కాదు.

ఒకే ఒక్కసారి ఆయన డబ్బాలోంచి బయటికొచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. పదకొండో ఎపిసోడ్‌లో జైలరు వేషం వేయాల్సిన నటుడికి గవదబిళ్ళలు లేచాయి. డైరెక్టరు అటూ ఇటూ చూసి, "ఆ డబ్బాలో ఉన్నతన్ని తీసి బయట నిలబెట్టండి" అన్నాడు. పదకొండు సెకన్ల సీను. ఖైదీగా నేల మీద కూర్చున్న కెప్టెనుకి కటకటాల సందులోంచి నీళ్ళ కప్పు అందించి, "తాగండి, రేపు ఇవి కూడా ఉండవు" అనాలి. అంతే.

ఆ పదకొండు సెకన్ల గురించి ఆయన ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. "మొహం తెర నిండా పరుచుకుంది" అని మొదలుపెడతాడు. మొదటి ఏడాది మొహం ఒక్కటే ఉండేది. కూతురు పుట్టేనాటికి కంట్లో నీటి చుక్క వచ్చి చేరింది. కూతురు కాలేజీకి వెళ్ళేనాటికి కెమెరా పట్టుకున్నతను వెక్కి వెక్కి ఏడ్చాడు. గోరంతని కొండంత చేయడంలో ఎవరైనా ఆయన తర్వాతే. ఇంటికొచ్చినవాళ్ళు అంతా విని ఆవిడ వైపు తిరిగి, "మీరు చూశారా?" అని అడుగుతారు. ఆవిడది ఎప్పుడూ ఒకటే జవాబు.

"నాకెక్కడ కుదిరింది. ఆ రోజు ప్రెస్సులో పని."

కానీ ఆవిడ చూసింది.

ప్రెస్సులో పని ఉన్న మాట నిజమే. అప్పటికి ఇంట్లో టీవీ లేదన్నదీ నిజమే. సాయంత్రం ఆరున్నరకి ఆవిడ ఫోర్‌మన్ కళ్ళుగప్పి వెనక తలుపులోంచి బయటపడి, వీధి మూల మీదున్న టీవీల షాపు దాకా పరిగెత్తింది. షాపు మూసేశారు గానీ అద్దం వెనకాల ఒక టీవీ వెలుగుతూనే ఉంది. వానలో పదిమంది దాకా నిలబడి చూస్తున్నారు. అద్దంలోంచి మాటలు వినిపించవు, బొమ్మ మాత్రం కనిపిస్తుంది. కటకటాలు కనిపించాయి. కెప్టెను కనిపించాడు. జైలరు వచ్చాడు. బూట్లు, బెల్టు, గుండీలు, కాలరు. కాలరుతో తెర అయిపోయింది. పదకొండు సెకన్లూ కెమెరా ఆయన మెడ దాటి పైకి రాలేదు. కప్పు అందించి కాలరు వెళ్ళిపోయింది. ఏ ఒక్కరికీ మొహం కనిపించలేదు.

పని ముగించుకుని ఇంటికి నడుస్తూ, ఎలా చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు కూర్చుకుంది. చెప్పేయాలనే అనుకుంది. ఆయన అదే సాయంత్రం పై ఎపిసోడ్ షూటింగులో డబ్బాలో ఉన్నాడు, చూసే వీల్లేదు. తను చెప్పకపోతే ఇంకొకరెవరో చెబుతారు. తీరా గుమ్మంలో ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడి, "చూశావా?" అని అడిగాడు. ఆ కళ్ళు చూసేసరికి ఆవిడ కూర్చుకున్న వాక్యాలన్నీ గాలికి పోయాయి.

"కుదర్లేదండీ" అంది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అయ్యో. మొహం తెర నిండా పరుచుకుందట. స్టూడియోలో అందరూ అదే చెప్పుకుంటున్నారు" అన్నాడు.

స్టూడియోలో ఎవరో దుర్మార్గులు ఆయన్ని ఆట పట్టిస్తున్నారని ఆవిడ అనుకుంది. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు కాస్తా పై వారమైంది, ఆ వారం ఏడాదైంది. ఈలోగా టీవీ వాళ్ళే పుణ్యం కట్టుకున్నారు. టేపులు దొరకడం లేదని పాత ఎపిసోడ్లు చెరిపేసి, వాటి మీద కొత్త ప్రోగ్రాములు ఎక్కించారు. పదకొండో ఎపిసోడ్ మీద టేబుల్ టెన్నిస్ పోటీలు పడ్డాయి. ఆయన రెండు పూటలు భోజనం మానేశాడు. ఆవిడ పైకి అయ్యో పాపం అంటూ, లోపల మాత్రం టేబుల్ టెన్నిస్ కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టుకుంది.

ఇదిగో, ఇన్నేళ్ళకి ఈ ఫోను. ఎవరో అభిమాని చిన్నతనంలో టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి మాటలు ఎక్కించుకున్నాడట. ఆ క్యాసెట్లు అటక మీద దొరికాయట. బొమ్మ లేదు, చప్పుడు మాత్రం ఉంది. ఆ చప్పుడుకి సరిపోయేలా బొమ్మలు గీసి, వాటిని కదిలించి, పోయిన ఎపిసోడ్లని మళ్ళీ నిలబెడతారట. సెట్లో పని చేసినవాళ్ళలో మిగిలింది ఈయనొక్కడే. వచ్చి ఏది ఎలా ఉండేదో చెప్పాలట.

"నా మొహం గీస్తారోయ్" అన్నాడు ఆయన ఫోను పెట్టేసి. "ఇరవై తొమ్మిదేళ్ళ మొహం."

"నేనూ వస్తాను" అంది ఆవిడ.

"నువ్వెందుకు?"

"మీరు చెప్పేదాంట్లో తప్పులుంటే ఎవరు దిద్దుతారు?"

ఆ బొమ్మల స్టూడియో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉంది. మూడు గదులు. కింద డ్రిల్లు మోగినప్పుడల్లా పైన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాల్సిందే. పని చూసే అమ్మాయికి ముప్పై లోపు ఉంటాయి. జుట్టు ముడిలో రెండు పెన్సిళ్ళు గుచ్చుకుని, మూడో పెన్సిలుతో గీస్తూ, మొదటి రెండింటి కోసం బల్లంతా వెతుకుతుంటుంది. మనిషి మంచిదే గానీ పట్టుదల మహా చెడ్డది. ప్రతి బొమ్మకీ ఒక ఆధారం ఉండాలంటుంది. ఆమె దగ్గర పెద్ద పట్టిక ఒకటి ఉంది. ఒక గడిలో సీను, పక్క గడిలో ఆధారం. చప్పుడో, ఫోటోనో, చూసినవాళ్ళ సాక్ష్యమో, ఏదో ఒకటి ఆ గడిలో పడితేనే బొమ్మ ఉంటుంది. లేకపోతే ఎంత అందమైన బొమ్మయినా చెత్తబుట్టలోకి పోతుంది.

మొదటి రోజే ఆ సంగతి తెలిసొచ్చింది. ఎపిసోడ్ మొదట్లో కిర్రుమని ఒక చప్పుడు. ఆ చప్పుడుకి అమ్మాయి మూడు వారాలు కూర్చుని అంతరిక్ష నౌకకి తలుపు గీసింది. అలాంటిలాంటి తలుపు కాదు. పువ్వు విచ్చుకున్నట్టు ఆరు రేకులుగా తెరుచుకుని, ఒక్కో రేకూ మెరిసిపోయే తలుపు.

"భలే ఉందమ్మా" అన్నాడు ఆయన. "కానీ మా నౌకకి తలుపు లేదే."

"లేదా సార్?"

"పాత దుప్పటి ఒకటి వేలాడదీసేవాళ్ళం. దాన్ని తప్పించుకుని లోపలికి వచ్చేవాళ్ళు. మీటల బల్ల మీద ఉన్నవి సీసా మూతలు. నౌక పైకప్పు మా ఇంట్లో చిల్లుల గిన్నె. ఇప్పటికీ మా ఆవిడ దాని కోసం నన్ను సాధిస్తూనే ఉంది."

"మరి ఈ కిర్రు ఏమిటి?"

ముగ్గురూ మళ్ళీ విన్నారు. కిర్రుమంది. ఆ వెంటనే గిన్నెలు సర్దిన చప్పుడు. తర్వాత ఎవరో ఆడమనిషి తుమ్మింది.

"ఆ తుమ్ము రికార్డు చేసినతని పిన్నిది సార్. ఎపిసోడంతా తుమ్ముతూనే ఉంటుంది. అయితే ఈ కిర్రు..." అని అమ్మాయి ఆగిపోయింది.

"వాళ్ళ వంటింటి అలమార తల్లీ" అంది తప్పులావిడ.

అమ్మాయి ఆధారం గడిలో 'అలమార' అని రాసి, మూడు వారాల తలుపుని ఒక్క మీటతో చెరిపేసింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. అది చూసిన తప్పులావిడ, సొంత తలుపుకే దిక్కులేని చోట, మా ఆయన మొహానికి ఎవరు దిక్కు అనుకుంది.

మధ్యాహ్నం జైలరు సీను వినిపించారు. కింద డ్రిల్లు ఆగేదాకా ఆగి, అమ్మాయి మీట నొక్కింది. బూట్ల అడుగులు. గొలుసు చప్పుడు. ఆ తర్వాత ఆయన గొంతు వచ్చింది.

"తాగండి. రేపు ఇవి కూడా ఉండవు."

ఆవిడ ఆ బొమ్మ చూసింది గానీ ఆ మాట ఎన్నడూ వినలేదు. తనకి పెళ్ళయిన కొత్తలో ఉన్న గొంతు అది. ఇప్పుడు రోజూ పడక్కుర్చీలో గురక పెట్టే మనిషిదంటే నమ్మబుద్ధి కాలేదు. అంత మెత్తగా అంటాడని ఆవిడ అనుకోలేదు. చేతిసంచిలో లేని రుమాలు కోసం కాసేపు వెతుక్కుంది.

ఆయన మాత్రం అప్పుడే గడ్డం గురించి మొదలుపెట్టాడు. "గడ్డం కాస్త వెడల్పుగా గియ్యమ్మా. ఇక్కడ సొట్ట కూడా ఉండేది."

"సొట్ట ఎప్పుడుందండీ?" అంది ఆవిడ.

"లైటింగులో పడేది."

అమ్మాయి నవ్వి, వెడల్పాటి గడ్డంతో, సొట్టతో ఒక మొహం గీసి చూపించింది. ఆధారం గడిలో 'నటుడు' అని రాసింది. తప్పులావిడకి ప్రాణం లేచొచ్చింది. ఇంక ఇంటికి పోదాం అని లేవబోతుంటే అమ్మాయి నోరు విప్పింది.

"ఇంకో మంచి మాట సార్. ఆ రోజుల్లో టీవీ తెరని ఫోటోలు తీసి నటులకి అమ్మే ఫోటోగ్రాఫరు ఒకాయన ఉండేవాడట కదా. వాళ్ళింట్లో పదకొండో ఎపిసోడ్ కవరు దొరికింది. ముప్పై ఆరు ఫోటోలు. ఎల్లుండి నా చేతికొస్తాయి. మీ సీనుది ఒక్కటి ఉన్నా చాలు, ఇంక గడ్డం గురించి గొడవే ఉండదు."

ఆయన గడ్డం ఊసు అక్కడితో వదిలేసి లేచాడు. మెట్లు దిగుతున్నప్పుడూ మాట్లాడలేదు. సంతోషంతో నోరు పెగల్లేదేమో అనుకుంది ఆవిడ. తనకైతే మెట్లు కనిపించలేదు.

ఆ రెండు రోజులూ ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. డెబ్బై ఒకటో ఏట ఆయన ఆ ఫోటో చూస్తాడు. తల లేని తనని చూసుకుంటాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్న మొహం ఏనాడూ లేదని తెలుస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి ఏం చెప్పుకుని బతుకుతాడు. నిజం చెప్పి ఉండాల్సింది, అప్పుడే, ఆ గుమ్మంలోనే. ఆ రోజు ఒక్క వాక్యంతో పోయేది ఇవాళ ఒక జీవితానికి చుట్టుకుంది. ఆయన మాత్రం కిటికీ దగ్గర కూర్చుని ఒకే పేపరు పదిసార్లు చదివాడు. పడక్కుర్చీలో కునుకు కూడా తీయలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆవిడ కళ్ళజోడు మార్పించుకోవాలని చెప్పి బయల్దేరింది. ఆయన, "పోనీ వెళ్ళిరా, నేనూ క్షవరానికి పోవాలి" అన్నాడు. ఆవిడ తిన్నగా పళ్ళ డాక్టరు మెట్లెక్కింది.

కవరు వచ్చే ఉంది. ఫోటోలు బల్ల మీద వరుసగా పరిచి ఉన్నాయి. ఒక్కోటి అగ్గిపెట్టెంత. ఇరవై మూడోది ఆవిడ చూడగానే గుర్తుపట్టింది. బెల్టు, గుండీలు, కాలరు. చేతిలో కప్పు.

"ఆంటీ, మీరు ముందే వచ్చి మంచి పని చేశారు. సార్‌కి ఇది ఎలా చెప్పాలో తెలియక కొట్టుకుంటున్నాను" అంది అమ్మాయి.

"చెప్పొద్దు. మొన్న గీసిన మొహం ఉంచెయ్యి."

"ఫోటోలో తల లేదాంటీ."

"ఫోటో తీసినవాడికి చెయ్యి వణికి ఉంటుంది."

"కటకటాలు తిన్నగానే ఉన్నాయిగా." అమ్మాయి పట్టిక ముందుకు లాగి, దాన్ని చూస్తూ చాలాసేపు పెన్సిలు కొరికింది. "ఒకటుంది. ఫోటో ఒక్క క్షణానిది. సీను పదకొండు సెకన్లది. తర్వాత కెమెరా పైకి లేచి మొహం చూపించిందని, ఆ రోజు చూసినవాళ్ళెవరైనా సాక్ష్యం చెబితే, అది ఆధారం కిందకి వస్తుంది. కానీ ఎవరున్నారు చూసినవాళ్ళు?"

"నేనున్నాను" అంది తప్పులావిడ.

సాక్ష్యానికి ఒక కాగితం ఉంది. అందులో అన్నీ నింపాలి. సాక్షి ఎవరు: భార్య. చూసిన చోటు: టీవీల షాపు ముందు, వీధిలో. చూసిన వేళ: సాయంత్రం ఆరున్నర దాటాక. అంతవరకు నిజమే గనక ఆవిడ చెయ్యి చకచకా నడిచింది. తర్వాతి గడి, ఏం చూశారు. ఆవిడ పెన్ను ఆగింది. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ చేతి మీదుగా పోయిన కాగితాల్లో ఒక్క అక్షరం తప్పు దొర్లినా నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఆ చేత్తోనే, గుండ్రటి దస్తూరీతో, 'కెమెరా పైకి లేచింది. మొహం తెర నిండా కనిపించింది' అని రాసింది. వాక్యం చివర చుక్క పెట్టడం కూడా మరిచిపోలేదు.

సంతకం పెట్టబోతుంటే మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆవిడ కూర్చున్న కుర్చీకి, తలుపుకి మధ్య పెద్ద మానిటరు ఒకటి అడ్డంగా ఉంది.

"అమ్మాయ్" అన్నాడు ఆయన, తలుపు సందులోంచి తల ఒక్కటే లోపలికి పెట్టి. క్షవరం ఊసే లేదు. "ఆ ఫోటోలు వచ్చాయా? మా ఆవిడ రాకముందే నీతో ఒక మాట చెప్పాలి."

అమ్మాయి మానిటరు వైపు చూసింది. మానిటరు వెనకాల ఆవిడ తల వంచి ఒదిగి కూర్చుంది.

"అందులో నా మొహం ఉండదమ్మా" అన్నాడు ఆయన. గొంతు బాగా తగ్గించాడు. "ఆ రోజు అంతకుముందు సీను పిల్లలది. కెమెరాని కిందకి దించారు. స్టాండు అక్కడే బిగుసుకుపోయింది, ఎంత లాగినా లేవలేదు. మళ్ళీ తీయడానికి టైము లేదు, కానిచ్చెయ్యమన్నారు. లైట్ల మనిషి ఆ పూటే చెప్పాడు నాకు, నీ తల రాలేదురా అని. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఏం చెప్పాలో తెలియలేదు. వేషం వేశానని మాత్రం అన్నాను. ఆపైన పదిరోజులు తను ప్రెస్సులో అందరికీ చెప్పుకుంది, మా ఆయన మొహం టీవీలో వస్తుందని. ప్రసారమైన రోజు గుమ్మంలో నిలబడి, చూశావా అని అడిగాను. చూడలేదంది. బతికాను అనుకున్నాను. చూడనిదానికి కాస్త అందంగా చెబితే పోయేదేముంది అని అలా చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఈ వయసులో ఆవిడ ముందు అబద్ధాలకోరునవుతాను. నువ్వే ఎలాగో ఒకలా..."

కింద డ్రిల్లు మొదలైంది. అది ఆగేదాకా ఎవరూ మాట్లాడే వీల్లేకపోయింది. ఆ కాసేపట్లోనే తప్పులావిడ మానిటరు పక్క నుంచి లేచి నిలబడింది. ఆయన ఆవిడని చూశాడు. ఆవిడ ఆయన్ని చూసింది. డ్రిల్లు మోగుతూనే ఉంది.

ఆగాక ఆయన, "కళ్ళజోడు షాపు ఇక్కడికి మార్చారా?" అన్నాడు.

"మంగలి షాపు పక్కనే పెట్టారు" అంది ఆవిడ.

ఆయన దగ్గరికొచ్చి బల్ల మీద కాగితం తీసుకున్నాడు. ఆవిడ లాక్కోబోయింది గానీ అప్పటికే చదువుతున్నాడు. సాక్షి, భార్య. టీవీల షాపు ముందు. ఆరున్నర దాటాక. ఏం చూశారు అన్న గడి మీద వేలు పెట్టాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"వానలో నిలబడి?"

"వానలోనే."

"కెమెరా పైకి లేచిందని రాశావేమిటి మరి? లేవలేదుగా."

"లేవలేదు."

"తెలిసి తెలిసి తప్పు రాశావా? నువ్వు?" నలభై రెండేళ్ళ దాపరికం కంటే ఆ గుండ్రటి దస్తూరీలో ఉన్న అబద్ధమే ఆయన్ని ఎక్కువ కంగారు పెట్టినట్టుంది. కాగితం బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. "తల లేని మొగుణ్ణి చూసొచ్చి, చూడలేదని ఎందుకన్నావే?"

"మీ కళ్ళు చూసి. ఆశగా ఉన్నాయనుకున్నాను."

"భయంతో చచ్చి ఉన్నాను."

"నాకెలా తెలుస్తుంది? రెండూ ఒకలాగే ఉన్నాయి."

అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చిన్నగా దగ్గి, సాక్ష్యం కాగితం కొత్తది ఒకటి తీసింది. "సార్, తల లేకుండానే గీస్తాను. ఉన్నది అదే గనక. కానీ నాకు చేతులు కావాలి. ఈ ఫోటోలో కప్పు పట్టుకుని నిలబడి ఉన్నారు, అంతే. ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేశారు, కప్పు ఎలా ఇచ్చారు?"

"నన్నడిగితే ఏం లాభం" అన్నాడు ఆయన. "కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎప్పుడైపోతుందా అని."

"నీటి చుక్క వచ్చిన కళ్ళేనా?" అంది ఆవిడ.

"ఆ కళ్ళే."

మామూలు రోజైతే ఆవిడ దీన్ని అంత తేలిగ్గా వదిలేది కాదు. ఇప్పుడు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"రాసుకో తల్లీ. బెల్టు కుడి పక్కకి జారిపోయి ఉంది. కప్పు ఎడం చేతిలో ఉంది. కప్పు అంచు ఒకచోట విరిగింది. కటకటాల దగ్గరికొచ్చి ఆగారు. ఆగి, రెండో చెయ్యి కూడా వేసి కప్పుని ఇలా తిప్పారు. విరిగిన వైపు తన వైపుకొచ్చేలా, మంచి వైపు ఆ ఖైదీకి వెళ్ళేలా. అప్పుడు అందించారు. అతను పట్టుకున్నాక కూడా వెంటనే వదల్లేదు. వేళ్ళు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని వదిలారు."

"అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు ఆయన.

"ఎవరు చెబుతారు? ఇంట్లో కూడా మీరు అలాగే ఇస్తారు."

అమ్మాయి పెన్సిలు కాగితం మీద పరిగెడుతోంది. ఆవిడ దాని వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయింది.

"నా పక్కన ఒకావిడ గొడుగేసుకుని నిలబడి ఉంది. ఎవరో నాకు తెలియదు. మాట వినపడ్డం లేదు, మొహం కనపడ్డం లేదు. ఉన్నవల్లా ఆ రెండు చేతులు. అవి చూసి, 'పాపం, ఈ జైలరు మంచివాడిలా ఉన్నాడు' అంది."

ఆయన నటనంతా రేకు వెనకాలే చేసిన మనిషి. మరమనిషికి చప్పట్లు కొట్టారు గానీ ఆయన చేసిన పని చూసి ఎవరూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అందుకే ఆ మాటలన్నీ తనే కల్పించుకున్నాడు. కెమెరా పట్టుకున్నవాణ్ణి ఏడిపించుకున్నాడు. ఇన్నేళ్ళూ కల్పించుకున్నవాటిలో ఏదీ ఈ గొడుగావిడ అన్న మాటకి సాటిరాదని ఆయన మొహంలోనే తెలిసిపోతోంది.

అది చూసి తప్పులావిడకి తన తప్పు తెలిసింది. ఆయన్ని అవమానం నుంచి కాపాడుతున్నాననుకుంది. చూడలేదన్న పాపానికి, ఆయన సంపాదించుకున్న ఒకే ఒక్క మెప్పుని ఇన్నేళ్ళు తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

"నిజంగా అందా?" అన్నాడు ఆయన.

"అందండీ."

"జైలరు అందా, ఈ జైలరు అందా?"

"ఈ జైలరు అంది."

ఆయన తల ఊపాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కింద డ్రిల్లు మోగి ఆగింది.

"మొదటి నుంచి ఇంకోసారి చెప్పు" అన్నాడు.

ఆవిడ మొదటి నుంచి చెప్పింది. బెల్టు, కప్పు, విరిగిన అంచు, ఇలా తిప్పడం, వేళ్ళు, గొడుగావిడ. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదల్లేదు.